వానలో బండి నడపాలంటే: తడవకుండా, జారకుండా ఇల్లు చేరే పద్ధతి

జూన్ రెండో వారం వచ్చిందంటే ఒకే రకం ప్రశ్నలు మొదలవుతాయి. మంచి రెయిన్‌కోటు కొన్నా లోపలికి నీళ్లు ఎందుకొస్తున్నాయి? నెమ్మదిగానే వెళ్తున్నా మలుపులో బండి ఎందుకు జారింది? నీళ్లలో ఆగిపోయిన బండిని వెంటనే స్టార్ట్ చేయొచ్చా?

వీటిని విడివిడిగా చూస్తే లాభం లేదు. మెడ దగ్గర నీళ్లు కారుతుంటే మనిషి ధ్యాస రోడ్డు మీద ఉండదు. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు ఎంత నొక్కుతున్నామో తెలియదు. నిలువునా తడిసినవాళ్లు తొందరగా ఇల్లు చేరాలని వేగం పెంచుతారు. అందుకే తడవకుండా ఉండడాన్ని సుఖం కోసం అనుకోకండి. బండి మీంచి పడకుండా ఉండడానికి అదే మొదటి మెట్టు.

ఇది మామూలు బైకుల మీద, స్కూటర్ల మీద రోజూ ఆఫీసుకో కాలేజీకో పొలానికో వెళ్లొచ్చేవాళ్ల కోసం రాసింది. తెలంగాణలో ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా పనికొస్తుంది. నెల్లూరు, తిరుపతి వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో వస్తాయి కాబట్టి అక్కడివాళ్లు దసరాకు ముందు ఒకసారి మొత్తం చదువుకోండి.

1. వాన రాకముందే బండి పని పూర్తి చేయండి

టైర్లతో మొదలుపెట్టండి. ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదని మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. అంత అరిగేదాకా ఆగితే వానాకాలానికి చాలదు. గాడి లోతు 2 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే మార్చేయమనే నా సలహా. కింద కూర్చుని గాడి లోపలికి చూడండి. అడ్డంగా చిన్న చిన్న రబ్బరు గట్లు కనిపిస్తాయి. టైరు పైభాగం ఆ గట్లకు సమానంగా వచ్చిందంటే టైరు గుండైపోయినట్టే.

మనవాళ్లలో చాలామంది వెనక టైరు మారుస్తారు గానీ ముందు టైరును ఏళ్ల తరబడి అలాగే ఉంచేస్తారు. వానలో ఇది పెద్ద ప్రమాదం. వెనక చక్రం జారితే సర్దుకోవడానికి కాస్త సమయం దొరుకుతుంది. ముందు చక్రం జారితే తేరుకునేలోపే కింద ఉంటారు. గాడి బాగానే కనిపిస్తున్నా టైరు పక్కన ఉన్న నాలుగంకెలు చూడండి. 2321 అని ఉంటే అది 2021లో 23వ వారం తయారైంది. ఐదేళ్లు దాటిన టైరు రబ్బరు గట్టిపడి ఉండొచ్చు. మెకానిక్‌కు చూపించండి.

గాలి విషయంలో ఒక అపోహ బాగా ప్రచారంలో ఉంది: వానాకాలంలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని. తారు రోడ్డు మీద అది తప్పు. గాలి తక్కువైతే గాడులు మూసుకుపోయి నీళ్లను పక్కకు నెట్టలేవు. చైన్ కవరు దగ్గరో సీటు కిందో కంపెనీ స్టిక్కరు ఉంటుంది. అందులో ఎంతుంటే అంత, బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించుకోండి.

తర్వాత బ్రేకులు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ ఉంది. అంతకంటే చిన్న బండ్లకు ఒక బ్రేకు నొక్కితే రెండో చక్రం మీదా కొంత పడే ఏర్పాటు, అంటే సీబీఎస్ అయినా ఉంటుంది. మీ బండికి ఏదుందో తెలుసుకోండి. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా మాత్రమే కాపాడుతుంది. తడి రోడ్డును పొడి రోడ్డు చేయదు, పూర్తిగా వంగిన మలుపులో ఆదుకుంటుందన్న భరోసా కూడా లేదు.

వానకు ముందు చూసుకోవాల్సినవి:

☐ రెండు టైర్ల గాడి లోతు, గాలి
☐ డ్రమ్ బ్రేకు షూలు, డిస్క్ ప్యాడ్లు ఎంత మిగిలాయో
☐ ముందు బ్రేకు ఒక్కటే నొక్కినా వెనక ఎర్రలైటు వెలుగుతోందా (రాత్రి గోడ దగ్గర బండి పెట్టి చూస్తే ఒక్కరే తెలుసుకోవచ్చు; ముందు బ్రేకు స్విచ్చు చెడిపోయినా ఎవరూ గమనించరు)
☐ ఇండికేటర్లు, హారను
☐ ప్లగ్గు క్యాపు పగలకుండా, బిగువుగా ఉందా
☐ క్లచ్, బ్రేకు వైర్లకు ఆయిల్
☐ ముందూ వెనకా మడ్‌గార్డు, దాని చివర వేలాడే రబ్బరు ఫ్లాపు

చివరిది తీసిపారేసినవాళ్లు వానలో రెండు విధాలా నష్టపోతారు. వెనక చక్రం బురదంతా మీ వీపు మీదికి చిమ్ముతుంది, మీ వెనక వచ్చేవాళ్ల ముఖాల మీదా పడుతుంది.

2. రెయిన్‌కోటు ఎలా ఎంచుకోవాలి

తలమీంచి దుప్పటిలా కప్పుకునే పోంచో బండి మీదికి వద్దు. గాలికి లేచి ముఖం మీద పడుతుంది, అంచు చైన్లోనో చక్రంలోనో చిక్కుకుంటుంది. మోకాళ్ల దాకా వచ్చే పొడవాటి కోటూ అంతే. చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉన్న సెట్టే తీసుకోండి.

నీళ్లు బట్టలోంచి తక్కువగా, కుట్లలోంచి ఎక్కువగా వస్తాయి. కొనేముందు కోటును లోపలివైపు తిప్పి చూడండి. కుట్టు పొడవునా పారదర్శకమైన టేపు అతికించి ఉండాలి. భుజాలు, చంకలు, ప్యాంటు రెండు కాళ్లు కలిసే చోటు, ఈ మూడూ వేలితో తడిమి మరీ చూడాలి. ఆ టేపు లేకపోతే ఎంత ఖరీదైనదైనా అరగంట వానకు లోపలికి నీళ్లొస్తాయి.

కొన్నాక ఇంట్లో ఒక పరీక్ష చేయండి. ప్యాంటు కాళ్లు కలిసే కుట్టు అడుగున ఉండేలా బట్టను సంచీలా పట్టుకుని మగ్గుడు నీళ్లు పోయండి. పది నిమిషాలాగి కింద చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలిందంటే వెంటనే మార్చుకోండి. కూర్చుని నడిపేటప్పుడు ఒళ్లో నీళ్లు నిలిచేది సరిగ్గా అక్కడే, ముందు కారేదీ అక్కడే.

సైజు నిలబడి చూసుకోవద్దు. బండి మీద కూర్చున్నట్టు మోకాళ్లు మడిచి, చేతులు ముందుకు చాచి చూడండి. చేతులు మణికట్టు పైకి, ప్యాంటు చీలమండ పైకి లేచిపోతే చాలదు. మామూలు కంటే ఒక సైజు పెద్దది తీసుకుంటే బట్టల మీద సులువుగా ఎక్కుతుంది, కుట్లు లాగవు.

జిప్పు మీద మడత ఉండాలి, ఆ మడత వెల్‌క్రోతో అంటుకోవాలి. రంగు మాత్రం పసుపో నారింజో. నల్లది, ముదురు నీలం వద్దే వద్దు. జడివానలో లారీ డ్రైవరుకు మీరు అసలు కనిపించరు. ఇంట్లో నల్లది ఉంటే వీపు మీద, చేతుల మీద మెరిసే రిఫ్లెక్టర్ టేపు అతికించండి.

3. వేసుకునే వరస

చాలామంది రెయిన్‌కోటు మంచిదే, వేసుకునే తీరే తప్పు. ఇలా వేసుకోండి.

1. ఫోను, పర్సు ముందుగా జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టేయండి. కోటు వేసుకున్నాక జేబులోకి చెయ్యి పెట్టాలంటే మొత్తం విప్పాల్సి వస్తుంది.
2. చొక్కా కాలరును లోపలికి మడవండి. చొక్కా అంచుగానీ, మెడకు చుట్టుకున్న కర్చీఫుగానీ కోటు బయటికి కనిపించకూడదు. బయట ఉన్న ఆ కాస్త బట్ట దీపం ఒత్తి నూనె పీల్చినట్టు నీళ్లను లోపలికి లాగి ఛాతీ దాకా తడిపేస్తుంది.
3. రెయిన్ సెట్‌లో ముందు ప్యాంటు, తర్వాత కోటు. కోటు అంచు ఆ ప్యాంటు మీదికి రావాలి.
4. ప్యాంటు కాళ్లు బూట్ల బయటికే ఉండాలి. బూట్లలోకి దోపితే కాలి మీంచి కారిన నీళ్లన్నీ బూట్లోకే వెళ్తాయి.
5. చేతి గ్లౌజుల అంచు కోటు చేతుల లోపలికి పోవాలి. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు భుజం నుంచి మణికట్టు వైపు నీళ్లు జారుతాయి. గ్లౌజు పైకి ఉంటే నీళ్లన్నీ వేళ్లలోకి చేరతాయి.
6. చివరగా హెల్మెట్. కోటుకున్న టోపీని హెల్మెట్ లోపల పెట్టుకోవద్దు. పక్కలు కనిపించవు, చెవులు మూసుకుపోతాయి, హెల్మెట్ కూడా తలకు సరిగ్గా పట్టదు.

ముఖ్యమైనది ఎప్పుడు వేసుకుంటామన్నది. నాలుగు చినుకులు పడగానే ఆగి వేసుకోండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకుంటే ఆ రెండు కిలోమీటర్లలోనే తడుస్తారు. తడి బట్టల మీద కోటు వేసుకుంటే లోపల చెమటా తడీ కలిసి, వేసుకోనట్టే ఉంటుంది.

కాళ్లకు చెప్పులు వద్దు. తడిసిన రబ్బరు చెప్పు గేరు మీంచి, బ్రేకు పెడల్ మీంచి జారుతుంది. ఆగినచోట కాలు మోపితే బురదలో చెప్పు ఒకవైపు, కాలు ఒకవైపు. బూట్లు తడవడం ఇష్టం లేకపోతే మేజోడు మీద ఒక పాలిథిన్ కవరు తొడిగి ఆ తర్వాత బూటు వేసుకోండి. బూటు తడిసినా కాలు పొడిగా ఉంటుంది. గ్లౌజులు వాటర్‌ప్రూఫ్ కాకపోతే ఇదే పద్ధతిలో లోపల ఆస్పత్రుల్లో వాడే పలచటి నైట్రైల్ గ్లౌజులు వేసుకోవచ్చు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఒళ్లో నిలిచిన నీళ్లను చేత్తో తోసేయండి. చిన్న పనే గానీ గంట ప్రయాణంలో ప్యాంటు పొడిగా మిగలడానికి అదే కారణం.

4. బ్యాగు, కాగితాలు

బ్యాగులకు వచ్చే రెయిన్ కవరు వీపు వైపు తెరిచే ఉంటుంది, నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి. ల్యాప్‌టాప్‌ను మందపాటి పాలిథిన్ కవర్లో చుట్టి, మూతి మెలిపెట్టి మడిచి, అప్పుడు బ్యాగులో పెట్టండి. బయటి కవరు రెండో రక్షణే తప్ప మొదటిది కాదు.

కోటు మీద బ్యాగు తగిలించుకుంటే పట్టీలు భుజం కుట్టును నొక్కి నొక్కి అక్కడ నీళ్లు దిగేలా చేస్తాయి. రోజూ తీసుకెళ్లేవాళ్లు వెనక సీటుకు బంగీ తాడుతో కట్టుకోవడం మేలు. తాడు చివర్లు వేలాడకూడదు. ఆర్సీ, లైసెన్సు డిజిలాకర్‌లో ఉంటే అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచొచ్చు.

5. హెల్మెట్ అద్దం స్పష్టంగా ఉండాలి

ఐఎస్ఐ గుర్తున్న, ముఖమంతా కప్పే హెల్మెట్ ఉంటేనే వానలో కళ్లు తెరవగలం. సగం హెల్మెట్‌తో 40 వేగంలో వెళ్తుంటే చినుకులు కళ్లలో సూదుల్లా గుచ్చుతాయి, కళ్లు చికిలించి నడపాల్సి వస్తుంది.

అద్దం లోపల ఆవిరి పట్టడానికి కారణం మన ఊపిరే. గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఒక్క చుక్క లోపలివైపు పూసి, ఆరాక మెత్తటి పొడిగుడ్డతో మెరిసేదాకా తుడవండి. కొన్ని గంటలు పనిచేస్తుంది. అప్పటికీ పడితే అద్దాన్ని ఒక్క నొక్కు పైకెత్తి గాలి ఆడనివ్వండి. ఎక్కువ దూరాలు తిరిగేవాళ్లు లోపల అతికించే పిన్‌లాక్ పొర పెట్టించుకుంటే మంచిది, అయితే దానికి తగిన అద్దం ఉండాలి.

గీతలు పడ్డ అద్దం పగలు బాగానే అనిపిస్తుంది. రాత్రి వానలో ఎదురుగా వచ్చే లైటు ఆ గీతలన్నిటిమీదా పగిలి రోడ్డే కనపడదు. కొత్త అద్దం కొనడానికి వెనకాడకండి. నల్లద్దం వానాకాలం అయ్యేదాకా ఇంట్లోనే ఉంచండి.

6. బయల్దేరాలా, ఆగాలా

వాతావరణ శాఖ హెచ్చరికల రంగులు చూసుకోండి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే చర్యలు తీసుకోమని. వాళ్ల లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.4 మించితే అత్యంత భారీ. ఎరుపు హెచ్చరిక ఉన్న రోజు బండి తీయకండి. బస్సో మెట్రోనో చూసుకోండి, లేదంటే ఆ పని మర్నాటికి వాయిదా వేయండి.

రోజంతా ముసురు పట్టిన రోజు కంటే సాయంత్రం ఉరుములతో ఒక్కసారిగా కురిసే రోజే హైదరాబాదులో ఎక్కువ ఇబ్బంది. సరిగ్గా ఆఫీసులు వదిలే వేళకు కుండపోత మొదలవుతుంది, అందరూ ఒకేసారి రోడ్డెక్కుతారు. అలాంటి వాన చాలాసార్లు గంటలోపు తగ్గుతుంది. ఆ గంట ఆఫీసులోనే కూర్చుంటే తడవరు, ట్రాఫిక్‌లోనూ ఇరుక్కోరు. బయల్దేరే ముందు వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు అంచనా, పిడుగుల కోసం దామిని యాప్ చూసుకోండి.

7. తడి రోడ్డు మీద నడిపే తీరు

ఎండ తర్వాత పడే మొదటి వాన, అందులోనూ మొదటి పావుగంట, అన్నిటికంటే ప్రమాదం. రోడ్డు మీద పేరుకున్న ఆయిల్, టైరు రబ్బరు పొడి, దుమ్ము నీళ్లతో కలిసి జిగురుగా తేలతాయి. జోరుగా కురిస్తే కొట్టుకుపోతాయి, తుంపర అయితే అలాగే ఉండిపోతాయి. వీలైతే ఆ పావుగంట ఎక్కడైనా ఆగి, రెయిన్‌కోటు వేసుకుని, తర్వాత కదలండి.

దూరం. 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు, 60లో దాదాపు 17 మీటర్లు పోతుంది. మీరు ప్రమాదాన్ని చూసి బ్రేకు మీద చెయ్యి వేసేలోపే ఆ దూరం అయిపోతుంది. తడిలో ఆగడానికి పట్టే దూరం ఆ పైన. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటగానే మనసులో "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు..." అని లెక్కపెట్టండి. వెయ్యిన్ని నాలుగు అనేదాకా మీరు ఆ స్తంభాన్ని చేరకూడదు. సిటీ ట్రాఫిక్‌లో అంత దూరం వదిలితే మధ్యలోకి ఎవరో ఒకరు దూరతారు. దూరనివ్వండి, మీరు మళ్లీ వెనక్కి తగ్గండి.

బ్రేకు. ఈ వరస అలవాటు చేసుకోండి.

1. ముందుగా యాక్సిలరేటర్ వదలండి. గేరు బండి అయితే ఇంజన్ వేగాన్ని కొంత లాగేస్తుంది.
2. బండిని నిటారుగా నిలపండి. వంగి ఉన్నప్పుడు గట్టిగా బ్రేకు వేయొద్దు.
3. రెండు బ్రేకులూ కలిపి, ముందుది రెండు వేళ్లతో మెల్లగా మొదలుపెట్టి క్రమంగా పెంచండి. ఒక్కసారిగా గుంజితేనే చక్రం బిగుసుకుంటుంది.

వానలో ముందు బ్రేకు ముట్టకూడదన్న మాట పెద్దల నుంచి వింటూ వచ్చాం. అది సగమే నిజం. గుంజకూడదు, కానీ వాడాలి. బండిని ఆపే శక్తి ఎక్కువ ముందు చక్రానిదే. స్కూటర్ల మీద ఎడమ చేతి బ్రేకు ఒక్కటే నొక్కేవాళ్లు ఎక్కువ. తడిలో వెనక చక్రం బిగుసుకుని బండి అడ్డంగా తిరిగేది అందుకే. అలా వెనక జారితే చూపు దూరంగా రోడ్డు మీదే నిలిపి, వెనక బ్రేకు మెల్లగా సడలించండి. ముందు చక్రం బిగుసుకున్నట్టు అనిపిస్తే వెంటనే వదిలి, మళ్లీ మెల్లగా పట్టండి.

ఇది చదివితే రాదు. వాన వెలిసిన ఒక ఆదివారం ఉదయం కాలనీలో ఖాళీగా ఉన్న తడి రోడ్డు మీద 20, 30 వేగంలో పదే పదే బ్రేకు వేసి చూడండి. చక్రం ఏ దశలో జారబోతుందో వేళ్లకు తెలుస్తుంది.

జారే చోట్లు. వీటి మీద వంగొద్దు, బ్రేకు వేయొద్దు, యాక్సిలరేటర్ పెంచొద్దు. తిన్నగా దాటేయండి.

☐ జీబ్రా గీతలు, బాణం గుర్తులు, రంగు వేసిన స్పీడ్ బ్రేకర్లు
☐ మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ల మీద ఇనుప జాయింట్లు, పనులు జరిగేచోట పరిచిన ఇనుప రేకులు
☐ ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసే నీళ్లు, అంటే డీజిల్ పడ్డచోటు. బస్సులు తిరిగే మలుపులు, బంకుల్లో నున్నటి నేల
☐ కొత్త వెంచర్ల దగ్గర లారీలు మోసుకొచ్చిన ఎర్రమట్టి
☐ రైల్వే గేటు పట్టాలు: వీలైనంత అడ్డంగా, సూటిగా దాటండి, పట్టాల వెంబడి ఏటవాలుగా వెళ్లొద్దు
☐ రాలిన ఆకులు, పేడ

పల్లె రోడ్లలో ఇంకొకటుంది. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు, మొక్కజొన్న ఆరబోస్తారు. వాన రాగానే టార్పాలిన్లు కప్పి అంచుల వెంట రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు కనపడవు, తడిసిన గింజల మీద చక్రం నిలవదు. అక్టోబరు, నవంబరు రాత్రుల్లో అలాంటి దారి ఉంటే 30 దాటకండి. నల్లరేగడి దారి అయితే మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య పేరుకుని చక్రాన్నే ఆపేస్తుంది. చుట్టు తిరిగైనా తారు రోడ్డు పట్టుకోండి.

ముందు కారు చక్రాలు నడిచిన జాడలో నడపండి, అక్కడ నీళ్లు తక్కువగా ఉంటాయి. బస్సు పక్కన, లారీ వెనక ఉండొద్దు. చక్రాల నుంచి లేచే నీటి తెరలో మీరు వాళ్లకు కనపడరు. హజార్డ్ లైట్లు, అంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి, వేసుకుని నడిపితే మీరు ఎటు తిరుగుతారో వెనకవాళ్లకు తెలియదు, ఆగినప్పుడు మాత్రమే వాడండి.

8. నీళ్లు నిలిచినచోట, నీళ్లు పారేచోట

ఈ రెండూ వేరు. ఒకటి ఆలోచించి దాటొచ్చు. రెండోది దాటకూడదు.

నిలిచిన నీళ్లయితే కాసేపు ఆగి మీలాంటి బండ్లు దాటుతుంటే చూడండి. నీళ్లు చక్రం మధ్య ఇరుసు దాకా వస్తున్నాయంటే వెనక్కి తిరగండి. స్కూటర్లకు చక్రాలు చిన్నవి కాబట్టి ఇంకా ముందే తిరగాలి. రైల్వే బ్రిడ్జిల కింద ఉన్న అండర్‌పాస్‌లో నీళ్లు కనిపిస్తే లోతు అంచనా వేసే ప్రయత్నమే చేయొద్దు, అక్కడ రోడ్డు కిందికి దిగుతూ ఉంటుంది.

దాటగలమనుకుంటే:

1. మొదటి గేరు, ఒకే తీరు రేసు. మధ్యలో యాక్సిలరేటర్ వదలొద్దు, గేరు మార్చొద్దు.
2. రోడ్డు మధ్యలోంచి వెళ్లండి. రోడ్డు మధ్య కాస్త ఎత్తు, గుంతలూ నాలాలూ అంచుల్లో.
3. నీళ్లు సుడి తిరుగుతున్నా, బుడగలు వస్తున్నా, ఎవరైనా కొమ్మ పాతి ఉన్నా అక్కడ మూత తెరిచిన మ్యాన్‌హోల్ ఉందనుకోండి.
4. ఎదురుగా బస్సు వస్తుంటే ఆగి అది దాటాక కదలండి, అది లేపే అల బండిని పడేస్తుంది.
5. బయటికొచ్చాక కొంతదూరం నెమ్మదిగా వెళ్తూ రెండు బ్రేకులూ తేలిగ్గా నొక్కి పట్టండి. డ్రమ్ములో నీళ్లు ఆరేదాకా బ్రేకు పట్టదు.

పారే నీళ్లు వేరే లెక్క. వాగు మీద చప్టా, లో లెవెల్ వంతెన, చెరువు అలుగు పోసే రోడ్డు, వీటి మీద నీళ్లు పారుతుంటే మోకాలు లోతు లేకపోయినా దిగొద్దు. పక్క నుంచి వచ్చే తోపుడుకు చక్రం పట్టు వదిలేస్తుంది. పైకి నీళ్లే కనిపిస్తాయి గానీ కింద రోడ్డు అంచు కోసుకుపోయి ఉండొచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు ఎంత వేగంగా పొంగాయో చూశాం. రోజూ తిరిగే దారే కదా అన్న ధైర్యం అలాంటిచోట పనికిరాదు. ముందు వెళ్లినవాడు దాటాడన్నది మీరు దాటగలరనడానికి హామీ కాదు.

నీళ్లలో ఉన్న కరెంటు స్తంభాన్ని, ట్రాన్స్‌ఫార్మర్ గద్దెను తాకొద్దు, వాటి దగ్గర బండి ఆపొద్దు. తీగ తెగిపడి ఉంటే దూరంగా నిలబడి 1912కు ఫోను చేయండి, వెనక వచ్చేవాళ్లను ఆపండి.

9. వెనక కూర్చున్నవాళ్లు

గొడుగు పట్టుకుని వెనక కూర్చోవడం ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దయచేసి మానండి, మాన్పించండి. గాలి గొడుగును లాగగానే చెయ్యి వదలాలన్న ఆలోచన రాదు. గొడుగుతోపాటు మనిషీ వెనక్కి పడిపోతారు, పడేది నేరుగా తలమీదే. అమ్మకైనా అత్తయ్యకైనా మెల్లగా నచ్చజెప్పి, వాళ్ల కోసం రెండో రెయిన్‌కోటు డిక్కీలో ఎప్పుడూ ఉంచండి.

చున్నీ, చీర కొంగు కోటు లోపలికి దోపుకుని, రెండు వైపులా చూసుకున్నాకే బండి కదలాలి. కాళ్లు రెండు వైపులా వేసి కూర్చుంటే మీకూ బండి అదుపులో ఉంటుంది. నాలుగేళ్లలోపు పిల్లల్ని ఎక్కించుకుంటే హెల్మెట్, బెల్టు ఉండాలని, వేగం 40 దాటకూడదని నిబంధన ఉంది. జోరువానలో మాత్రం పసిపిల్లలతో బండి మీద వెళ్లనే వద్దు.

10. గాలి, పిడుగు, ఆగే చోటు

ఉరుము వినిపించిందంటే పిడుగు మీ దాకా రావచ్చు. బైకు మీద ఉన్నవాళ్లకు ఏ రక్షణా లేదు. పక్కా భవనంలోకి వెళ్లండి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాకే కదలండి. చెట్టు కింద, హోర్డింగు కింద, ఒంటరిగా ఉన్న రేకుల పాక కింద నిలబడొద్దు.

ఫ్లైఓవర్ కింద రోడ్డు మీదే బండ్లు ఆపి నిలబడేవాళ్లు హైదరాబాదులో ఎప్పుడూ కనిపిస్తారు. మీరు పొడిగానే ఉంటారు. కానీ వెనక జోరువానలోంచి వచ్చే కారుకు ఆగి ఉన్న బండ్లు చివరి క్షణం దాకా కనపడవు, అంబులెన్సుకు దారి ఉండదు. ఉరుముల్లేని వానకైతే బంకు, బస్ షెల్టరు, టీకొట్టు, షాపు ముందరి షెడ్డు, ఏదైనా సరే, బండి రోడ్డు దిగి ఉండాలి. రోజూ వెళ్లే దారిలో అలాంటి చోట్లు మూడు నాలుగు ముందే చూసిపెట్టుకోండి.

11. బండి నీళ్లలో ఆగిపోతే, జారిపడితే

నీళ్లలో ఆగిన బండిని అక్కడే సెల్ఫ్ నొక్కితే ఇంజన్‌లోకి నీళ్లు లాగి లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అప్పుడు వందల్లో పోయే ఖర్చు వేలకు చేరుతుంది.

1. తాళం ఆపేసి, బండిని పొడిచోటికి తోసుకెళ్లి సెంటర్ స్టాండు వేయండి.
2. ప్లగ్గు క్యాపు తీసి తుడిచి ఆరనివ్వండి. నీళ్లు ఇంజన్ లోపలికి పోలేదని నమ్మకం ఉంటే అప్పుడు ప్రయత్నించండి.
3. ఎయిర్ ఫిల్టర్ తడిసి ఉంటే స్టార్ట్ చేయొద్దు. మెకానిక్ ప్లగ్గు విప్పి నీళ్లు బయటికి పంపాకే.
4. ఇంజన్ ఆయిల్ తెల్లబడి నురగ కట్టి ఉంటే మార్పించాల్సిందే.
5. ఎలక్ట్రిక్ బండి అయితే మీరేమీ విప్పొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. సర్వీసువాళ్లను పిలవండి.

జారిపడితే ముందు రోడ్డు మధ్యలోంచి పక్కకు రండి, ఆ తర్వాతే బండి సంగతి. తల తగిలినా, మెడ నొప్పిగా ఉన్నా హెల్మెట్ మీరే లాగేయొద్దు, 108కి ఫోను చేయండి. పోలీసు సాయం కావాలంటే 112.

12. ఇంటికొచ్చాక

రెయిన్‌కోటును తడిగా డిక్కీలో కుక్కేయొద్దు. రెండు రోజుల్లో వాసన, వారంలో బూజు, ఆ తర్వాత లోపలి పూత పొరలుగా ఊడుతుంది. మామూలు నీళ్లతో బురద కడిగి నీడలో తిరగేసి ఆరేయండి. ఇస్త్రీ, వాషింగ్ మెషిన్ వద్దు. హెల్మెట్ లోపలి మెత్త తీసి ఫ్యాను కింద పెట్టండి. బూట్లలో పాత పేపర్లు నింపి, తడిసినప్పుడల్లా మార్చండి.

చైన్‌ను అదే రాత్రి పొడిగుడ్డతో తుడిచి, చక్రం తిప్పుతూ లోపలివైపు నుంచి చైన్ లూబ్ వేయండి. మామూలుగా 500 కిలోమీటర్లకు ఒకసారి వేసేది, వానల్లో అంతకంటే ముందే వేయాలి. వెనక టైరు మీద, డిస్క్ మీద చుక్క పడకుండా కింద అట్టముక్క అడ్డం పెట్టుకోండి. డిస్క్‌కూ డ్రమ్ముకూ పట్టిన బురద నీళ్లతో కడగండి. మర్నాడు పొద్దున బండి తీయగానే గేటు దాటేలోపు రెండు బ్రేకులూ ఒకసారి నొక్కి చూడండి. రాత్రంతా తడిసిన డ్రమ్ములో షూ అంటుకుని, మొదటి నొక్కుకే చక్రం బిగుసుకోవచ్చు. అది రోడ్డు మీద కాకుండా మీ ఇంటి ముందే తెలియాలి.